గని బడిలో సూపర్‌హీరో పాఠం

మొన్న గోదావరిఖనిలోని మా ఇంటికి ఇద్దరు ఓవర్‌మన్లు వచ్చారు. గనిలో ఒక షిఫ్టు పనినీ, అందులోని మనుషులనూ చూసుకునే బాధ్యత ఓవర్‌మన్‌ది. ఇద్దరికీ కార్మికుల శిక్షణ కేంద్రానికి బదిలీ అయిందట. నేను రిటైరయ్యేదాకా పని చేసిన చోటు అదే. చాయ్ తాగుతూ పెద్దవాడు అసలు సంగతి అడిగాడు.

"దానం సారూ, మీరు అండ్ల పదహారేండ్లు పాఠం జెప్పిండ్రు. జనం నిద్రపోకుంట ఎట్ల జెప్పాలె?"

"శుక్రవారం సూపర్‌హీరో సినిమాకు పోండి. సోమవారం దాని ముచ్చట పెట్టండి" అన్నాను.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రిటైరయ్యాక ఈయనకు మతి చలించిందనుకుని ఉంటారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, శాలువాలు ఎవరు కప్పారో ఇందులో ఉండవు. ఆ సినిమాల గురించి మాట్లాడుతూ గని పని ఎలా నేర్పానో, అదే నోటితో ఒకసారి ఎంత పెద్ద తప్పు చేశానో మాత్రం ఉంటుంది.

పిచ్చి ఎక్కడ పట్టింది

మా తాత గనిలో పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపిన మనిషి. నాన్న గని పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. మాది క్రైస్తవ కుటుంబం. మా పాస్టరు గారికి సినిమా మాటంటేనే పడేది కాదు. నాన్న ఆదివారం ఆరాధనలో ముందు వరసలో కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని మ్యాట్నీకి నడిచేవాడు. దారిలో ఎవరైనా అడిగితే "షిఫ్టు మారింది" అనేవాడు. డ్యూటీకి కొడుకునెందుకు తీసుకుపోతున్నావని ఎవరూ అడగలేదు. రెక్కల గుర్రాలు, మాయ కత్తులు, ఒక్క దెబ్బకు కొండను చీల్చే రాకుమారులు, వీటి మధ్య పెరిగాను. ఒంటికి అతుక్కుపోయే బట్టలేసుకుని ఆకాశంలో తిరిగే వీరులు తెలుగు మాటలతో మా హాళ్లకు వచ్చినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. గుర్రం పోయింది, అంతే.

"మనుమలను ఎత్తుకునే వయసుల చెడ్డీ పైన తొడుక్కున్నోని సినిమాకు మొదటి ఆటకే పోతరా?" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అంటూనే ఇంటర్వెల్‌లో తినడానికి గారెలు కట్టిస్తుంది.

అభిమానినే గాని గుడ్డివాణ్ణి కాదు. ఈ సినిమాల్లో మొదటి సగం నాకు ప్రాణం. శక్తి కొత్తగా వచ్చి, దాన్ని ఎలా వాడాలో తెలియక వీరుడు గోడలకు గుద్దుకుంటాడే, అది అచ్చం గనిలో కొత్తగా దిగినవాడి మొదటి నెల. రెండో సగం చాలావరకు ఊళ్లు కూలగొట్టుకోవడమే. కూలిన రాళ్లను తర్వాత ఎవరు ఎత్తిపోస్తారో ఒక్క సినిమా కూడా చెప్పదు. బొగ్గు ఎత్తిన ఇంట్లో పుట్టాను కాబట్టి నాకు ఆ బాధ ఎక్కువ. ఇంకో కోపం కూడా ఉంది. వీరుడి శిక్షణంతా ఒక పాటలో మూడు నిమిషాల్లో ముగుస్తుంది, నేర్పిన గురువు ఇంటర్వెల్‌లోపు చచ్చిపోతాడు. పదహారేళ్లు నేర్పిన నేను ఇంకా బతికే ఉన్నానని మనవి.

మాస్కు ఎందుకు తీశాడు

శిక్షణ కేంద్రంలో నా మొదటి ఏడాది ఘోరంగా గడిచింది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, కొన్నేళ్లకోసారి పాత పాఠం మళ్లీ వినాల్సిన సీనియర్లు, అందరూ నా ముందు కూర్చునేవారు. నేను బోర్డు మీద గాలిలో ఏ వాయువు ఎంత ఉంటే ప్రమాదమో రాసేవాణ్ణి. వెనక్కి తిరిగేసరికి సగం తలలు వాలిపోయేవి. అరిచాను, బయట నిలబెట్టాను. నిలబడి కూడా నిద్రపోయారు. నైట్ షిఫ్టు చేసినవాడికి నిద్ర ఎక్కడైనా పడుతుంది.

ఒక సోమవారం వెనక బెంచీలో ఇద్దరు గుసగుసలాడుతున్నారు. చెవి పెట్టి వింటే, నేను శుక్రవారం చూసిన సినిమా గురించే. అందులో వీరుడు కాలిపోతున్న మేడలోకి దూరి, పొగలో నిలబడి, మాస్కు తీసేసి మాట్లాడతాడు. నాకు నోరు ఆగలేదు.

"పొగల నిలబడి మాస్కు ఎందుకు తీసిండు?" అన్నాను.

వెనక నుంచి ఒకడు లేచాడు. "మొఖం కనవడాలె గద సారూ. జనం వచ్చింది ఆ మొఖం కోసమే."

క్లాసంతా నవ్వింది. ఏడాదిలో మొదటిసారి అందరి కళ్లూ తెరుచుకుని ఉన్నాయి.

"మరి నీ గనిల పొగ వస్తె నీ మొఖం ఎవలకు చూపెడ్తవు బిడ్డా?"

నవ్వు ఆగిపోయింది. నడుముకు కట్టుకునే ఊపిరి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. పొగ వస్తే ముందు దాన్ని నోటికి బిగించాలని, మాట్లాడాలనిపించినా తీయకూడదని చెప్పాను. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. అప్పటినుంచి సోమవారం మొదటి గంట సినిమాదే అయింది.

దీనికో పద్ధతి ఉంది, మీకు పనికొస్తుంది. కథ చెప్పకండి, కథ అందరికీ తెలుసు. ఒక్క సీను తీసుకోండి. బాగుందా బాగాలేదా అని అడగకండి, అభిమానులు కొట్టుకుంటారు. "లోపలికి పొయ్యే ముందు ఎవలకు చెప్పి పోయిండు?" అని అడగండి. గనిలో దిగే ప్రతి మనిషీ పైన మస్టరులో హాజరు వేయించుకుని, దీపం తీసుకుని, ఏ చోటికి పోతున్నాడో చెప్పే దిగుతాడు. సూపర్‌హీరో ఎవరికీ చెప్పడు. ఎగిరిపోతాడు. వాడు ఎక్కడైనా పడిపోతే వెతకడానికి ఎటు పోవాలో ఎవరికీ తెలియదు. ఈ ఒక్క ప్రశ్న మీద మా క్లాసులో జరిగిన వాదనలు బయట ఏ సినిమా హాలు ముందూ జరిగి ఉండవు.

మేనేజరు గారు విలన్ పక్షం

మా కేంద్రానికి కోస్తా నుంచి ఒక మేనేజరు గారు వచ్చారు. పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాతో, ఎప్పుడూ ఏదో పోయినట్టు వెతుక్కుంటూ ఉండే మనిషి. ఒక సోమవారం కిటికీలోంచి మా గోల విని లోపలికొచ్చారు.

"ఏంటండీ దానం గారూ, ఇది శిక్షణ కేంద్రమా, సినిమా హాలా?"

"ఒక్క గంట వెనక కూసోండి సార్, మీకే తెలుస్తది" అన్నాను.

కూర్చున్నారు. అరగంట తర్వాత లేచి నిలబడి, ఆ వారం సినిమాలో విలన్ అడిగిన ప్రశ్న న్యాయమైనదేనని, వాడి పద్ధతే తప్పని క్లాసంతటితో వాదిస్తున్నారు. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచారు. "సోమవారం ఒక గంట కానివ్వండి. రిజిస్టర్లో మాత్రం 'సంఘటనల విశ్లేషణ' అని రాయండి" అన్నారు. మంచి అధికారి అంటే నా దృష్టిలో ఇదే. ముందు వింటాడు, తర్వాత ఒప్పుకుంటాడు, ఆ పైన రిజిస్టరు సంగతి చూస్తాడు.

నా తప్పులు కూడా రాస్తానన్నాను కదా, చిన్నదానితో మొదలుపెడతాను. దూరపు చప్పుడు వినగలిగే అమ్మాయి కథతో ఒక సినిమా వచ్చింది. నేను క్లాసులో దాన్ని తీసిపారేశాను. చెవులు పెద్దవైతే సూపర్‌హీరో అయిపోతారా అన్నాను. తండ్రి మెడికల్‌గా అన్‌ఫిట్ అయితే ఆయన స్థానంలో చేరిన రజిత అనే అమ్మాయి లేచింది.

"సారూ, సెకండాఫ్‌ల ఆమె గోడను కట్టెతోని కొట్టి, సప్పుడును బట్టి అవుతల బోలుగ ఉన్నదా లేదా చెప్తది. మీరు మొన్న పైకప్పు కొట్టి చూసుడు నేర్పిండ్రు గద, గదే. మీరు సెకండాఫ్ చూసిండ్రా?"

చూడలేదు. ముందు రాత్రి నిద్ర చాలక ఇంటర్వెల్ తర్వాత హాల్లోనే నిద్రపోయాను. క్లాసు ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది. నిద్రపోయిన సినిమాకు తీర్పు చెప్పకండి. మీకు సగమే తెలిసిన మనిషి మీద కూడా చెప్పకండి. ఈ రెండో మాట నేను తర్వాత చాలా కష్టపడి నేర్చుకున్నాను.

స్వామి, నేను, సొరంగం సీను

స్వామి పాతికేళ్లవాడు. అతనూ తండ్రి స్థానంలోనే చేరాడు. సెంటినరీ కాలనీలో క్వార్టరు. సూపర్‌హీరో సినిమాల గురించి మాట్లాడుతూ ఫోన్లో వీడియో తీసి జనానికి పెట్టేవాడు, కాలనీ పిల్లా జెల్లా అందరూ చూసేవారు. సీను చెబితే కళ్లకు కట్టేది. శిక్షణ అయిపోయాక కూడా ఫస్ట్ షిఫ్టు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి వాదించేవాడు. ఇంతమందికి నేర్పాను గాని, సినిమా చూసే పద్ధతిలో నాకు జోడీ కుదిరినవాడు అతనొక్కడే.

నేను రిటైరవడానికి ఏడాది ముందు ఒక సినిమా వచ్చింది. ఊరి కింద సొరంగం, అందులో విషవాయువు, లోపల చిక్కుకున్న జనం. వీరుడు ఒంటరిగా దూకుతాడు. తన మాస్కు తీసి ఒక పసిపాపకు తొడుగుతాడు. ఊపిరి బిగబట్టి ఒక్కొక్కరినే మోసుకొస్తాడు. నాకు హాల్లో కన్నీళ్లు ఆగలేదు. నాన్న గుర్తొచ్చాడు, గనిలో పోయిన మా వాడకట్టు మనుషులు గుర్తొచ్చారు.

సోమవారం క్లాసులో నేను ఆ ప్రశ్న అడగలేదు. ఎవరికి చెప్పి పోయాడని గాని, మాస్కు ఎందుకు తీశాడని గాని అడగలేదు. అరగంట ఆ సీనును పొగిడాను. చివర్లో "మనిషంటె గట్లుండాలె" అన్నాను. స్వామి ఆ రోజు వెనక నిలబడి విన్నాడు. సాయంత్రం అదే మాట తన ఫోన్లో పెట్టాడు, 'మా సారు చెప్పిండు' అని.

నాలుగు నెలల తర్వాత ఒక గనిలో, సెకండ్ షిఫ్టులో, ఇది జరిగింది.

అక్కడ ముగ్గురు పని చేస్తున్నారు. పంపు నడిపే మల్లేశ్, స్వామి, యాభై ఏళ్ల ఓదెలు. ఓదెలు భార్య లచ్చవ్వకు మల్లేశ్ సొంత తమ్ముడు. అంటే ఓదెలుకు బావమరిది. మల్లేశ్‌కు పైపు ముక్క ఒకటి కావలసి వచ్చింది. పక్కనే గాలి తిరగని పాత దారి, దానికి అడ్డంగా కర్రల కంచె, లోపల ఒక పాత పైపు. కొత్తది తేవడానికి చాలా దూరం నడవాలి. "రెండడుగులే గద" అని మల్లేశ్ కంచె దాటాడు. గనిలో ఈ రెండడుగులు ఎంతమందిని తీసుకుపోయాయో మా పాతవాళ్లనడగండి. లోపల ఊపిరికి పనికొచ్చే గాలి లేదు. నడుముకున్న ఊపిరి డబ్బా పొగను వడకడుతుంది గాని, లేని గాలిని ఇవ్వదు. మల్లేశ్ కూలబడిపోయాడు.

స్వామి కేక పెట్టి లోపలికి ఉరికాడు. నాలుగడుగులు వేసి అతనూ పడిపోయాడు.

ఓదెలు పోలేదు. కంచె దగ్గరే నిలబడ్డాడు. చప్పుడు విని దూరంగా పనిచేస్తున్న ఇద్దరు ఉరికొస్తే, లోపలికి పోబోయిన వాళ్లను రెక్క పట్టి ఆపాడు. ఒకణ్ణి ఫోను దగ్గరికి తరిమాడు. రెండోవాడితో కలిసి, గనిలో గాలిని మళ్లించడానికి కట్టే మందపు పరదాను పీకి తెచ్చి, మంచి గాలి ఆ పాత దారిలోకి తిరిగేలా అడ్డంగా కట్టాడు. గనిలో గాలినీ పైకప్పునూ చూసే సర్దారు వచ్చి, పరీక్షించి సరే అన్నాక, నడుముకు తాడు కట్టుకుని మొదట పోయింది ఓదెలే. స్వామిని, మల్లేశ్‌ను ఇద్దరినీ ప్రాణాలతో లాక్కొచ్చారు. స్వామికి గని పైకి రాకముందే తెలివొచ్చింది. మల్లేశ్ చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు.

ఫ్లెక్సీ మీద లేనివాడు

వార్త షిఫ్టు కంటే ముందే కాలనీకి చేరింది, అదీ సగమే చేరింది. స్వామి ప్రాణాలకు తెగించి ఉరికాడు, ఓదెలు నిలబడి చూశాడు. ఇద్దరినీ లాక్కొచ్చింది ఎవరో ఆ సగంలో లేదు. మర్నాడు కాలనీ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. ఎర్ర అంగవస్త్రం ఎగురుతున్న ఒక కండల వీరుడి ఒంటి మీద స్వామి తల. కింద 'మా కాలనీ సూపర్‌హీరో'.

నేను దవాఖానకు పోతే స్వామి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"సారూ, గా సొరంగం సీను లెక్కనే ఉరికిన. ఏం ఆలోచన చెయ్యలె" అన్నాడు నవ్వుతూ.

పదిహేనేళ్లు ఏం చెప్పానో అదంతా ఒక్క సోమవారం నేనే కాలదన్నుకున్నాను. కళ్లనీళ్లు పెట్టుకున్న అభిమాని, పాఠం చెప్పాల్సిన మనిషి నోరు నొక్కేశాడు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మేనేజరు గారు పిలిచారు. తిట్టలేదు. "దానం గారూ, ఇక ఆ సినిమా కబుర్లు ఆపేద్దామండీ" అన్నారు. నేను అప్పటికే ఆపేశాను. మూడు సోమవారాలు బోర్డు మీద రాశాను, మూడు సోమవారాలు తలలు వాలాయి.

ఈలోగా ఓదెలు డ్యూటీకి రావడం మానేశాడని తెలిసింది. నాగాలు పెరిగితే నోటీసొస్తుంది, నోటీసు తర్వాత ఉద్యోగం పోతుంది. ఇది మా దగ్గర చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లు నాగా పెట్టని మనిషి అతను. నా క్లాసుకు వచ్చిన ప్రతిసారీ చివరి బెంచీలో కూర్చుని "సినిమాల ముచ్చట నాకెందుకన్నా, అసలు పాఠం జెప్పు" అనేవాడు. నేను అతన్ని మొద్దు కింద లెక్కేశాను. సగమే తెలిసిన మనిషి మీద తీర్పు చెప్పొద్దన్నది ఇందుకే.

సెంటినరీ కాలనీకి పోయాను. ఓదెలు క్వార్టరు వెనక వాకిట్లో ఒక్కడే కూర్చున్నాడు. లచ్చవ్వ నాకు మంచినీళ్లిచ్చి, మొగుడి వైపు చూడకుండా లోపలికి పోయింది.

"ఎన్ని దినాలైతంది మాట్లాడక?" అన్నాను మెల్లగా.

"గది జరిగిన కాన్నుంచి. బువ్వ పెడ్తది. మాట లేదు" అన్నాడు. "నల్లా కాడ ఆడోళ్లు మొఖం మీదనే అన్నరట, నీ తమ్ముడు పడిపోతె నీ పెనిమిటి నిలవడి చూసిండని. ఏం చెప్పుకుంటదన్నా? నిలవడ్డది నిజమే గద."

"ఎందుకు నిలబడ్డవో చెప్పరాదు?"

ఓదెలు తన రెండు అరచేతులూ చాపి చూపించాడు. చర్మం చెక్కుకుపోయిన మచ్చలు ఇంకా ఉన్నాయి.

"నేను పోకూడదని దుంగను గట్టిగ పట్టుకున్న. కాళ్లు ఉరుకుతనే ఉన్నయన్నా. మల్లిగాడు నా పెండ్లప్పుడు ఇంతున్నడు, నేను ఎత్తుకొని తిప్పిన. వాడు గక్కడ గురక పెట్టినట్టు ఊపిరి తీస్తాండు. నేను పోతె ముగ్గురం పోతుంటిమి. తెలుసు నాకు. తెలిసి నిలవడుడు ఎంత కష్టమో ఎవలకు చెప్పాలె? నాకు చెప్ప చాతగాదు."

నేను అక్కడే ఏడ్చేశాను. ఆ సొరంగం సీనుకు హాల్లో ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. ఇన్నేళ్లు నేను నేర్పాలనుకున్న మనిషి నా ఎదురుగా, నేను తయారుచేసిన కథ దెబ్బకు తల దించుకుని కూర్చున్నాడు.

మళ్లీ చెప్పిన సమీక్ష

సినిమా మాటతో పోయిన పరువు సినిమా మాటతోనే తిరిగి రావాలనుకున్నాను. స్వామి అప్పటికే దవాఖాన నుంచి ఇంటికొచ్చాడు, అతని దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. ఓదెలు అరచేతుల సంగతి కూడా చెప్పాను. స్వామికి అప్పటిదాకా తెలియదు. అతను పడిపోయే ఉన్నాడు కదా, తనను ఎవరు ఎలా తీశారో ఎవరూ చెప్పలేదు. ఫ్లెక్సీ చూసి మురిసిపోయిన మాట దాచను, అతనూ దాచలేదు.

మర్నాడు పొద్దున్నే స్వామి చౌరస్తాకు పోయి నిచ్చెనేసి ఫ్లెక్సీ విప్పాడు. దోస్తులు కొట్లాటకు వచ్చారు.

"మా పైసలు పెట్టి కట్టినం రా, ఎందుకు విప్తున్నవ్?"

"ఆదివారం ట్రైనింగు సెంటరుకు రాండ్రి, చెప్త" అన్నాడట.

మేనేజరు గారిని ఒప్పించడం కష్టమే అయింది. ఆదివారం హాలు తెరవమంటే, "మళ్లీ సినిమా గురించేనా?" అన్నారు.

"అవును సార్. ఈసారి సరిగ్గ చెప్తం."

ఆయన కాసేపు టేబులు మీద పెన్ను తిప్పి, "నేను ముందు వరసలో కూర్చుంటాను" అన్నారు. ఆయన వచ్చారు కూడా. కాలనీ నుంచి ఆడా మగా వచ్చారు, కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఓదెలును నేనే స్కూటరు మీద తీసుకొచ్చాను. లచ్చవ్వను మా ఆవిడ పిలుచుకొచ్చింది. భార్యాభర్తలు చెరో మూలన కూర్చున్నారు.

ముందు నేను లేచాను. ఆ సినిమా గురించి ఐదు నెలల కింద నేను చెప్పింది తప్పని, ఆ తప్పువల్లే స్వామి ఉరికాడని చెప్పాను. పొడుగ్గా చెప్పే ధైర్యం లేదు. కూర్చున్నాను.

స్వామి సొరంగం సీనుతో మొదలుపెట్టాడు. వీరుడు దూకడం, పాపకు మాస్కు తొడగడం. ఎంత బాగా చెప్పాడంటే గోడకు ఆనుకున్నవాళ్లు కూడా ముందుకు జరిగారు. అక్కడ ఆపాడు.

"ఇది సినిమా. ఇగ నాది చెప్త. నేను కంచె దాటిన. మ్యూజిక్కు లేదు. ఒక అడుగు, రెండు, మూడు. భయం కాలె. అసలు ఏం కాలె. గదే పరేషాన్. గాలి లేదని ఒంటికి తెల్వనే తెల్వదు. నాలుగో అడుగుకు మోకాళ్లల్ల సత్తువ పోయింది. మల్లేశ్ కాక ఇంకా అంత దూరంల ఉన్నడు. గంతే, నా సినిమా అయిపోయింది. నేను ఎవ్వలను కాపాడలె. నేను చేసిందల్ల, ఓదెలు కాక ఒక్కరిని గుంజాల్సిన కాడ ఇద్దరిని గుంజేటట్టు చేసుడు."

అతని దోస్తులు తలలు దించుకున్నారు.

"ఇంకోటి. గా సినిమాల వీరుడు ఊపిరి బిగవట్టి పదిమందిని తెచ్చిండు. వానికి శక్తి ఉన్నది, దూకిండు. అండ్ల గొప్పేమున్నది? నా కాడ, ఓదెలు కాక కాడ ఏ శక్తి లేదు. కాక సొంత బావమరిది కండ్ల ముంగట పడిపోయిండు. పోతె సస్తరని తెలిసి, దుంగను పట్టుకొని ఆగిండు. చేతులు చెక్కుకపోయినయ్. గట్ల ఆగి, పరదా కట్టి, గాలి మళ్లించి, అప్పుడు వచ్చిండు. గిసొంటి సీను ఏ సినిమాల లేదు. ఉంటె నేను వందసార్లు చూస్త. గిది నా రివ్యూ."

చప్పట్లు పడతాయనుకున్నాను. పడలేదు. లచ్చవ్వ లేచి నిలబడింది.

కొత్తగా పాఠం చెప్పబోయే మీ ఇద్దరికీ ఇక్కడ ఒక మాట చెప్పి ముగింపుకు వస్తాను. ఆ ఆదివారం తర్వాత మేనేజరు గారే సోమవారం గంటను తిరిగి మొదలుపెట్టించారు, నేను రిటైరయ్యేదాకా అది ఆగలేదు. మీరూ చెప్పండి. ఆ సినిమాలను ప్రేమించండి, హాల్లో ఏడవండి, ఈల వేయండి, తప్పులేదు. క్లాసులోకి వచ్చాక మాత్రం, తెర మీద లేనివాణ్ణి వెతకండి. బయట నిలబడి తాడు పట్టుకున్నవాడు, ఫోను చేసినవాడు, పక్కవాణ్ణి రెక్క పట్టి ఆపినవాడు. వాడి గురించి మాట్లాడితే మీ క్లాసు వృథా పోదు. ఇక హాల్లో చివరికి ఏం జరిగిందో చెప్తాను.

లచ్చవ్వ స్వామినే చూస్తోంది.

"బిడ్డా, ఒక్క మాట నిజం చెప్పు. నువ్వు లోపటికి పోయినవ్ గద. నా తమ్ముని ముట్టినవా?"

"లేదు చిన్నమ్మా. నా చెయ్యి అందలె."

"మరి వాణ్ణి ముట్టింది ఎవలు?"

"ఓదెలు కాకే. కాకనే ఎత్తుకొచ్చిండు."

లచ్చవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. జనం దారి ఇస్తుంటే నడుచుకుంటూ అవతలి మూలకు పోయి, ఓదెలు ముందు నిలబడింది. అతను తల ఎత్తలేదు. ఆమె వంగి అతని రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు పైకి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"రేపు ఏ షిఫ్టు నీది?" అంది.

ఓదెలు అప్పుడు తల ఎత్తాడు. "ఫస్ట్ షిఫ్టు" అన్నాడు.

"అయితె ఇంటికి నడువు. జల్ది పండుకో. ఐదింటికి నేను లేపుత."